తెల్లకణాలు లక్ష దాటాక కూడా ఇన్ని పరీక్షలు ఎందుకు?

ముమ్మిడివరం దగ్గర నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారికి 58 ఏళ్లు, కొబ్బరితోట చూసుకుంటారు. కొంతకాలంగా నీరసం, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 1,42,000 వచ్చాయి. కాకినాడలో డాక్టరుగారు బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు పరీక్ష, బోన్‌మ్యారో (ఎముక మజ్జ పరీక్ష) రెండూ రాశారు. "క్రోమోజోమ్ చూస్తే ఈ జబ్బు తేలిపోతుందని జానెట్ రౌలీ అనే అమెరికా డాక్టరు 1973లోనే రాశారట కదా, అలాంటప్పుడు ఎముకలో సూది దేనికి? మా బాబాయి వద్దంటున్నారు. అసలు ఇది కేన్సరేనా? మా అన్నదమ్ములం కూడా పరీక్ష చేయించుకోవాలా?" అని అడిగారు.

నేను పాథాలజిస్టుని, భీమవరం వైపు ఉంటాను. రోజులో ఎక్కువ భాగం మైక్రోస్కోపు ముందే గడుస్తుంది. మీ నాన్నగారి స్లైడు నేను చూడలేదు కాబట్టి ఇక్కడ చెప్పేది మీ డాక్టరుగారి మాటకి బదులు కాదు, ఆయన రాసినవి ఎందుకు రాశారో అర్థం కావడానికి.

ముందు సూటిగా చెప్తాను. తెల్లకణాల లెక్క ఒక్కటే చూసి కేన్సర్ అనీ చెప్పకూడదు, కాదనీ చెప్పకూడదు. కాకపోతే మీరు రాసిన లక్షణాలు, ఆ అంకె కలిపి చూస్తే సీఎంఎల్ అనే నెమ్మదిగా నడిచే రక్త కేన్సర్ అనుమానం గట్టిగానే ఉంది. బీసీఆర్-ఏబీఎల్ రాశారంటే డాక్టరుగారిదీ అదే అనుమానం. దానికి చేతి నుంచి తీసిన రక్తం చాలు. అది పాజిటివ్ వచ్చి, స్లైడు కూడా దానికి తగ్గట్టే ఉంటే జబ్బు పేరు ఖాయమైనట్టే. బోన్‌మ్యారో రాసింది ప్రధానంగా పేరు కోసం కాదు, జబ్బు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి. మొదట్లో ఒక్కసారి చేయించేయండి. బాబాయిగారికి ఏం చెప్పాలో కింద రాస్తాను.

ఇక కారణాలు. అందరూ తేలిగ్గా తీసుకునే స్లైడు దగ్గర నుంచి మొదలుపెడతాను.

సీబీసీ మెషిన్ కణాల్ని లెక్కపెడుతుంది, అంతే. మన ఊళ్లలో చిన్న లాబుల్లో ఉండేవి చాలావరకు త్రీ-పార్ట్ మెషిన్లు. అవి తెల్లకణాల్ని మూడు గుంపులు చేసి, మొదటి రెండింటిలోనూ ఇమడనివాటిని "మిడ్" అని ఒక గడిలో పడేస్తాయి. మోనోసైట్లు, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, చివరికి బ్లాస్టులు అనే ఏమాత్రం ఎదగని కేన్సర్ కణాలు కూడా ఆ ఒక్క గడిలోకే పోవచ్చు. అందుకే రిపోర్టులో అంకె ఎంత ఉన్నా, ఎవరో ఒకరు రక్తపు చుక్కని గాజు పలక మీద సాగదీసి, లీష్మన్ రంగు వేసి, కంటితో చూడాలి. శ్రావణ భాద్రపదాల్లో మన డెల్టా గాలిలో ఉండే చెమ్మకి ఈ చిన్న పనే పెద్ద పని. స్లైడు వెంటనే ఆరకపోతే ఎర్రకణాల మీద మెరిసే బొబ్బల్లాంటివి వస్తాయి, తెల్లకణాల లోపలి వివరం చెదిరిపోతుంది. మా టెక్నీషియన్ ఆ నెలల్లో టేబుల్ ఫ్యాన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాడు. సరిగా ఆరని స్లైడు మీద "ఇమ్మెచ్యూర్ సెల్స్ సీన్" అని రాసి పంపితే, ఆ కాగితం చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్.

సీఎంఎల్ స్లైడు మంచిగా కుదిరితే మాత్రం ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. ఫీల్డు నిండా తెల్లకణాలే. మామూలుగా మజ్జలోనే పెరిగి పెద్దవై బయటకి రావలసిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, పసి దశ నుంచి ముదిరిన దశ దాకా అన్ని వయసులవీ ఒకేచోట కనిపిస్తాయి. సగం ఎదిగిన మైలోసైట్లు, పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్స్ ఎక్కువ. మధ్యమధ్య ముదురు ఊదారంగు రేణువులతో కేంద్రకం కూడా కనపడనంతగా నిండిపోయిన బేసోఫిల్స్. ఈ బేసోఫిల్స్ పెరగడం నా దృష్టిలో పెద్ద ఆనవాలు. చీము పట్టిన ఇన్‌ఫెక్షన్‌లోనూ తెల్లకణాలు బాగా పెరుగుతాయి, ఎదగని కణాలూ బయటకి వస్తాయి, దాన్ని ల్యూకిమాయిడ్ రియాక్షన్ అంటాం. అక్కడ న్యూట్రోఫిల్స్‌లో ముతక రేణువులు కనిపిస్తాయి, బేసోఫిల్స్ మాత్రం పెరగవు. మీరు చెప్పిన "నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం" కూడా ఊరికే కాదు. ఎడమ డొక్క కింద ప్లీహం పెరిగి పొట్టని నొక్కితే అలాగే ఉంటుంది.

మన ప్రాంతంలో కేన్సర్ కాకుండానే కేన్సర్‌లా భయపెట్టేవి కొన్ని ఉన్నాయి. మీ నాన్నగారి అంకెకి ఇవి సరిపోవు గానీ, ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటిది ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం. నరసాపురం వైపు తీరం ఊరి నుంచి ఒకావిడ వచ్చారు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. ఆస్తమా మందులు వాడుతున్నారు. తెల్లకణాలు నలభై వేల పైన. ఎక్కడో ఒకచోట "బ్లడ్ కేన్సర్ కావచ్చు, హైదరాబాద్ వెళ్లండి" అన్నారట. ఇంట్లో ఏడుపులు, పొలం బేరం పెట్టడం దాకా వెళ్లింది. స్లైడు చూస్తే ముప్పాతిక వంతు ఇసినోఫిల్సే, అన్నీ పూర్తిగా ఎదిగినవే, బ్లాస్టు ఒక్కటీ లేదు. ఫైలేరియా పురుగుకి ఊపిరితిత్తులు తిరగబడితే వచ్చే ట్రాపికల్ ఇసినోఫీలియా అది. ఛాతీ డాక్టరుగారు డీఈసీ మాత్రలు మూడు వారాలు ఇచ్చారు, దగ్గు పోయింది, లెక్క దిగింది. బోదకాలు నివారణకి ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర ఇదే. దాన్ని 1940లలో అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరో తెలుసు కదా, 1895లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన మాట మళ్లీ వస్తుంది.

రెండోది బీ12 లోపం. ఇందులో తెల్లకణాలు పెరగవు, ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. మజ్జ చూస్తే కణాలు పెద్దపెద్దగా, వికారంగా ఉండి, అనుభవం లేని కంటికి ల్యూకీమియాలా, అంటే రక్త కేన్సర్‌లా అనిపిస్తాయి. రక్తంలో న్యూట్రోఫిల్ కేంద్రకానికి ఐదారు తునకలు ఉంటే మేం ముందు బీ12 వైపు చూస్తాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నీరసం అనగానే ఎవరో రెండు బీ12 ఇంజెక్షన్లు పొడిచేసి, ఒక బాటిల్ రక్తం ఎక్కించి, ఆ తర్వాత మా దగ్గరకి పంపుతారు. అప్పటికి ఆనవాళ్లు సగం చెరిగిపోతాయి. మూడోది డెంగీ. వానలు పడ్డాక వచ్చే జ్వరాల్లో లింఫోసైట్లు పెద్దవై, నీలంగా మారి, మెషిన్ చేత "బ్లాస్ట్స్?" అనిపిస్తాయి. ప్లేట్‌లెట్లూ తక్కువే ఉంటాయి. చాలామందికి వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు మీరు చదివిన రౌలీ సంగతి. మీరు చదివింది నిజమే, సగం.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు సీఎంఎల్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ ఉండవలసినదానికంటే చిన్నగా ఉందని ప్రకటించారు. దానికే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని పేరు. అంతకుముందు నోవెల్‌గారు స్లైడుని మామూలు కుళాయి నీళ్లతో కడిగితే కణాలు ఉబ్బి క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి, అలా ఆయన ఈ దారి పట్టారు. ఒక కేన్సర్‌కి ఒకే రకం క్రోమోజోమ్ లోపం తోడుగా ఉందని తేలడం అదే మొదలు. అయితే చాలామంది నమ్మలేదు. జబ్బు వల్ల క్రోమోజోమ్ పాడైందా, క్రోమోజోమ్ పాడవడం వల్ల జబ్బు వచ్చిందా అన్నది తేలలేదు. ఆ చిన్న క్రోమోజోమ్‌లో ముక్క ఊడి పోయిందనే అప్పట్లో అనుకున్నారు. పోయిన ముక్క ఏమైందో చూసే దారి లేదు.

ఆ దారి 1970 ప్రాంతంలో దొరికింది. క్వినాక్రిన్ అనే పాత మలేరియా మందుతో రంగు వేస్తే క్రోమోజోముల మీద వెలుగు చారలు కనిపిస్తాయి. రౌలీ ఆ పద్ధతి ఆక్స్‌ఫర్డ్‌లో నేర్చుకుని షికాగో తిరిగి వెళ్లారు. నలుగురు పిల్లల తల్లి, చాలాకాలం పార్ట్‌టైమ్‌గానే పనిచేశారు. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి భోజనాల బల్ల మీద పరుచుకుని జతలు కలుపుతుంటే, అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు వేళాకోళం చేసేవారట. అలా చూస్తుండగా తేలిందేమిటంటే, 22వ క్రోమోజోమ్ నుంచి పోయినంత ముక్కే 9వ దాని చివర అదనంగా అతుక్కుని ఉంది. ఉప్పాడ చీర అంచు ముక్కని ఇంకో చీరకి కుట్టినా డిజైన్ చూసి ఇది ఎక్కడిదో చెప్పేయగలం కదా, చారలు చేసిన పని అదే. పోయిందనుకున్నది పోలేదు, చోటు మారింది. 1973లో నేచర్ పత్రికలో వచ్చిన ఆవిడ వ్యాసం సారం ఇంతే, నిడివి కూడా చాలా తక్కువ. ఆ చోటు మార్పిడిలో 9వ దాని మీది ఏబీఎల్, 22వ దాని మీది బీసీఆర్ పక్కపక్కన చేరి ఒకే జన్యువుగా పనిచేస్తున్నాయని 1980లలో మిగతావాళ్లు తేల్చారు. మీ నాన్నగారికి రాసిన పరీక్ష పేరు అక్కడిదే.

మరి సగం నిజం అని ఎందుకన్నాను? ఆ క్రోమోజోమ్ ఒక్క సీఎంఎల్‌లోనే ఉండదు. పెద్దవాళ్లకి వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యూకీమియాలో దాదాపు పావు వంతు మందిలో ఇదే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ కనిపిస్తుంది. అది వేరే జబ్బు, వారాల్లో ముంచేసే జబ్బు, వైద్యం కూడా వేరు. కాగితం మీద రెండింటికీ "బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్" అనే వస్తుంది. విడదీసేది స్లైడు, మజ్జ, రోగి పరిస్థితి. సీఎంఎల్‌లోనే కూడా బ్లాస్టులు 20 శాతానికి చేరితే దాన్ని బ్లాస్ట్ దశ అంటాం, అప్పుడు మామూలు మాత్ర ఒక్కటే సరిపోదు. రక్తంలో బ్లాస్టులు తక్కువ కనిపించి మజ్జలో ఎక్కువ ఉండే సందర్భాలు ఉన్నాయి. పైగా మజ్జ కణాల్ని పెంచి మొత్తం క్రోమోజోములన్నీ చూస్తే, ఫిలడెల్ఫియా కాక ఇంకేమైనా తేడాలున్నాయా అన్నదీ తెలుస్తుంది. అలాంటివి ఉంటే మొదటి నుంచే జాగ్రత్తగా నడవాలి. బీసీఆర్-ఏబీఎల్‌ని వెతికే పీసీఆర్ పరీక్ష అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తుంది, మిగతా 44 క్రోమోజోముల జోలికి వెళ్లదు.

రౌలీయే 1977లో ఏపీఎల్ అనే మరో ల్యూకీమియాలో 15, 17 క్రోమోజోముల మధ్య మార్పిడిని చూపించారు. అక్కడ కథ తిరగబడుతుంది. ఏపీఎల్‌లో రోగి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారుతూ వస్తాడు, గంటల్లో మెదడులో రక్తస్రావం కావచ్చు. స్లైడులో రేణువులతో నిండిన ఆ కణాలు, వాటిలో కట్టలుగా ఉన్న ఆవర్ రాడ్స్ అనే సన్నటి పుల్లల్లాంటివి కనిపిస్తే క్రోమోజోమ్ రిపోర్టు కోసం ఆగరు, ఆట్రా మందు వెంటనే మొదలుపెడతారు, జన్యు పరీక్ష తర్వాత నిర్ధారిస్తుంది. అంటే ఒకచోట రిపోర్టు వచ్చేదాకా ఆగాలి, ఇంకోచోట ఆగితే మనిషి దక్కడు. ఇది తెలిసిన మనిషి స్లైడు చూడాలి. అందుకే పరిశోధన వ్యాసం చదివి పరీక్ష ఎంచుకోవడం కుదరదంటాను.

బాబాయిగారి భయం గురించి. చాలామంది బోన్‌మ్యారో అంటే వెన్నుపూసలో సూది అనుకుంటారు. కాదు. నడుము కింద, పిరుదు పైభాగంలో చేతికి తగిలే తుంటి ఎముక వెనక అంచు ఉంది చూశారా, అక్కడ. వెన్నుపాము దరిదాపుల్లో కూడా ఉండదు. రోగి పక్కకి తిరిగి పడుకుంటాడు, మత్తు ఇంజెక్షన్ చర్మానికీ ఎముక పైపొరకీ ఇస్తారు. ఆ తర్వాత తెలిసేది ఒత్తిడి. సిరంజితో మజ్జ లాగేటప్పుడు మాత్రం కొన్ని సెకన్లు కాలు దాకా ఝివ్వుమంటుంది, ఆ నొప్పికి మత్తు పనిచేయదు, అది ముందే చెప్పాలి. చెప్పకపోతే రోగి ఉలిక్కిపడతాడు. తర్వాత అదే చోట నుంచి అగ్గిపుల్లంత సన్నటి ఎముక ముక్క తీస్తారు, బయాప్సీ అంటే అదే. మొత్తం అరగంట లోపు పని. కాసేపు ఆ వైపు ఒత్తి పడుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. "సూది పెడితే కేన్సర్ పాకుతుంది" అన్న మాట తప్పు. రక్త కేన్సర్ అసలే ఒళ్లంతా తిరిగే రక్తంలో ఉంది, కొత్తగా పాకేదేముంది.

శాంపిల్ సంగతి మీ ఇంట్లో ఎవరైనా పట్టించుకోండి, ఇక్కడే ఎక్కువ తేడాలు వస్తున్నాయి. బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్‌కి ఊదా మూత ట్యూబు. క్రోమోజోమ్ కల్చర్‌కి ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు, అందులో కణాలు బతికి చేరాలి. ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు, ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదలకూడదు. పీసీఆర్ చూసే ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో పెద్ద లాబుకి అందాలి. శనివారం సాయంత్రం తీసి, ఆదివారమంతా ఇక్కడే ఉండి, మంగళవారం హైదరాబాద్ చేరిన శాంపిల్ "నెగెటివ్" అంటే నేను నమ్మను. సోమవారం పొద్దున్నే తీయించండి. రిపోర్టు పీసీఆర్‌కి కొన్ని రోజులు, క్రోమోజోమ్ కల్చర్‌కి వారం రెండు వారాలు పట్టడం మామూలే.

ఇంకో విషయం. స్లైడు అచ్చం సీఎంఎల్‌లా ఉండి పీసీఆర్ నెగెటివ్ వస్తే అక్కడితో వదిలేయకండి. ఈ అతుకు అందరిలో ఒకేచోట పడదు. కొన్ని కిట్లు ఎక్కువమందిలో ఉండే రకాల్నే పట్టుకుంటాయి, అరుదైనవి జారిపోతాయి. అప్పుడు ఫిష్ (FISH) అనే ఇంకో జన్యు పరీక్ష అడగండి, అది అతుకు ఎక్కడ పడినా చూపిస్తుంది. అదీ నెగెటివ్ అయితే అప్పుడు నిజంగా వేరే జబ్బు వెతకాలి.

పరీక్షలు పూర్తయ్యేదాకా డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించకండి. ఇది మా వైపు నాకు బాగా కోపం తెప్పించే విషయం. జ్వరం, ఒళ్లు నొప్పులు, మెడలో బిళ్లలు అని వెళ్తే, సెలైన్‌లో డెక్సా కలిపి ఎక్కిస్తారు. రోగికి ఆ పూట ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. లింఫోమా అనే లింఫు గ్రంథుల కేన్సర్‌లో, పిల్లల అక్యూట్ ల్యూకీమియాలో స్టెరాయిడే ఒక కేన్సర్ మందు. అరకొరగా పడితే కణాలు కొన్నాళ్లు మాయమై, స్లైడు శుభ్రంగా కనిపించి, జబ్బు లోపల మొండికేస్తుంది. తణుకు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడికి ఇలాగే మొదటి మజ్జలో ఏమీ తేలలేదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ జ్వరంతో వస్తే మజ్జ నిండా బ్లాస్టులే. ఇప్పుడు వైద్యం పూర్తి చేసుకుని బడికి వెళ్తున్నాడు, కానీ ఆ వారాలు ఊరికే పోయాయి. ఆ పిల్లాడికి వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1948లో సిడ్నీ ఫార్బర్ ల్యూకీమియా పిల్లలు 16 మందికి ఎమినాప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ మందు తయారైంది సుబ్బారావుగారి బృందం దగ్గరే, మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకి, ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. భీమవరంలో స్లైడులు చూసుకునేవాణ్ణి, ఈ ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను.

మీ నాన్నగారికి సీఎంఎల్ అనే తేలి, తొలి దశలోనే ఉంటే, రక్త కేన్సర్లలో కాస్త నయమైనది వచ్చిందనే నేను అంటాను. బీసీఆర్-ఏబీఎల్ చేసే పనిని ఆపడానికే తయారుచేసిన మాత్ర ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట వాడినవాళ్లని పదేళ్లకి పైగా గమనించిన పెద్ద అధ్యయనంలో పదేళ్లకి 83 శాతం మంది బతికే ఉన్నారు. మన దేశంలో చవక జనరిక్‌లు దొరుకుతున్నాయి. పేటెంటు కేసులో సుప్రీంకోర్టు 2013 తీర్పు కూడా వాటి వైపే నిలిచింది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏం వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని మొదటి రోజే అడగండి, సొంత డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు.

మాత్ర మొదలయ్యాక బీసీఆర్-ఏబీఎల్ మళ్లీ మళ్లీ చేయించాలి, మూడు నెలలకోసారి. అది అంకెలతో వచ్చే క్వాంటిటేటివ్ పరీక్ష, "ఐఎస్" (అంతర్జాతీయ కొలమానం) అని ఉన్న రిపోర్టే తీసుకోండి. మూడు నెలలకి 10 శాతం లోపు, ఆరు నెలలకి 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలని చూస్తాం. ప్రతిసారీ ఒకే లాబు. ఈసారి ఒకచోట, వచ్చేసారి ఆఫర్ ఉందని ఇంకోచోట చేయిస్తే అంకె పెరిగింది జబ్బు వల్లో లాబు వల్లో ఎవరికీ తెలియదు. లెక్క మామూలుకి వచ్చింది కదా అని మాత్ర మానేసేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. తెల్లకణాలు తొమ్మిది వేలకి దిగడం మొదటి మెట్టు మాత్రమే, జన్యువు అంకె చూడందే డాక్టరు కూడా మానమని చెప్పరు.

మీ చివరి ప్రశ్న. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే జబ్బు కాదు. ఆ క్రోమోజోమ్ మార్పు నాన్నగారి మజ్జలో ఏదో ఒక కణంలో మధ్యలో వచ్చింది, పుట్టుకతో ఉన్నది కాదు, మీకు పంచి ఇచ్చిందీ కాదు. అన్నదమ్ములు బీసీఆర్-ఏబీఎల్ చేయించుకోనక్కర్లేదు, ఆ డబ్బు ఆయన మూడు నెలల పరీక్షకి దాచండి. కాకినాడ వెళ్లేటప్పుడు మొదటి లాబులో తీసిన స్లైడు కూడా అడిగి పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే కాదు.